కేళీలు లేని చేను

మా సీమలో వాన కురిసే కాలానికీ పత్తి పూసే కాలానికీ ఏనాడూ పొత్తు కుదరలేదు. యాడికి ఊరి దగ్గర మా నల్లరేగడి చేనులో మా నాయన వేసే నాటు పత్తి ఎండకు ఓర్చుకునేది గానీ, వానలన్నీ వెళ్లిపోయాక తీరిగ్గా పూతకొచ్చేది. కాయ నిండే వేళకు నేల నెర్రెలు విచ్చేది. ఏటా అదే తంతు. మొక్క ఎప్పుడు పూయాలన్నది దాని జన్యువుల్లోనే ఉంటుందని కాలేజీలో చదివిన రోజున నాకు ఒళ్లు మండింది. వానను తిట్టుకుంటూ సగం బతుకు గడిపిన మా నాయనకు ఆ ముక్క చెప్పిన నాథుడు లేడు.

డెబ్బయ్యో దశకం చివర్లో పత్తి పరిశోధన కేంద్రంలో చిన్న ఉద్యోగంలో చేరి, మా పత్తిని త్వరగా పూసే మరో నాటు రకంతో సంకరం చేశాను. మొదటి తరం మొక్కలన్నీ ఒకే తీరుగా వచ్చాయి. అసలు సంగతి రెండో తరంలో తేలుతుంది. రెండు రకాల గుణాలూ విడిపోయి ఒక మొక్క ముందు, ఒకటి వెనక, ఇంకొకటి మధ్యలో పూస్తాయి. ముందుగా పూసి, మా ఎండకూ నిలిచే మొక్కలు వాటిలో కొన్ని దొరికితే చాలు. కేంద్రంలో చోటు లేదు పొమ్మంటే, ఉన్న రెండో తరం విత్తనమంతా మా చేనులోనే వేశాను.

దసరాకు ముందే కొన్ని మొక్కలు కింది కణుపుల్లోనే కొమ్మలు వేసి పసుప్పచ్చగా పూశాయి. నేల ఇంకా తడిగానే ఉంది. నాయన వంగి చూసి, "వానుండంగానే పూసినాదే" అన్నాడు. ఆయన ముఖంలో అంత సంతోషం నేనెప్పుడూ చూడలేదు.

అంతలో కేంద్రంలో నా పైఅధికారి, మా సారు, నన్ను వేరే ఊరికి పని మీద పంపించాడు. తిరిగొచ్చేసరికి చేను పచ్చగా, సమానంగా ఉంది. ఒక్క పువ్వు లేదు.

నాయన గట్టు మీదే ఎదురొచ్చాడు. "మీ సారొచ్చినాడు పాపా. ముందుగా పూసినవన్నీ కేళీలంట, పీకెయ్యమన్యాడు. నేనే పీకి మేకలకేసినా. చూడు, యాడన్నా ఒక్కటుండాదేమో."

కేళీలంటే విత్తన పంటలో వేరుగా కనిపించే కల్తీ మొక్కలు. గతంలో సర్కారుకు వేరుశనగ విత్తనం పండించిన మా నాయనకు వాటిని ఏరడం అలవాటే. కానీ ఇది మొక్కలు వేరువేరుగా రావాలనే వేసిన చేను. అది సారుకు తెలియక కాదు. కేంద్రం పనులు చూడ్డానికి పైవాళ్లు జీపులో మా చేనుకూ వస్తున్నారు, ఎగుడుదిగుడు చేను చూపిస్తే ఆయన పరువు పోతుంది. ఇంత చదువుకున్న మనిషి ఎంత పాడుపని చేశాడు! పీకిన మొక్కల్లో కాయ ముదరలేదు, గింజ మిగల్లేదు. ఆ పని అంతటితో సరి.

"సారు మెచ్చుకుండె. ఇంక నీ ఉద్యోగానికి ఢోకా లేదులే" అన్నాడు నాయన. చేతులు బొబ్బలెక్కి ఉన్నాయి.

నేను సాళ్ల మధ్య వంగి ఒక్క మొక్కన్నా మిగిలిందేమోనని వెతికాను. ఆయనే మళ్లీ అందుకున్నాడు.

"ఇవి కల్తీవంట గానీ, ముందుగా పూసే అసలు ఇత్తనం మీ ఆఫీసులో ఉండాదంట గదా. వచ్చే ఏడు ముందు మనకే ఇప్పియ్ పాపా."

"అట్లే నాయనా" అన్నాను.