గళ్ళ కాగితం ముందు అంకయ్య

“మూడు తూటాలూ రూపాయి బిళ్ళ కింద దాగేట్టు పడ్డాయి గదయ్యా మిలట్రీ! ఇంకేం కావాలి నీకు?”

“పడితే పడ్డాయి. తుపాకి మీది స్కోపు మర తిప్పి చూడందే ఇవ్వను.”

“నా తుపాకి నాకివ్వనంటావేంది? లైసెన్సు నీ పేరున ఉందా?”

“బెదిరించమాక. పోలీసుల్ని పిలుచుకో, పో.”

వినుకొండ రోడ్డు మీద, పురుగుమందు పంపులు బాగుచేసే అంకయ్య రేకుల షెడ్డులోంచి వస్తున్న కేకలకు ఎదుటి టీ కొట్టులో వాళ్ళు గ్లాసులు పట్టుకునే ఇటు తిరిగారు. శ్రీకృష్ణకు తల కొట్టేసినట్టయింది. నాలుగెకరాల మిర్చి ఎర్రబారి ఉంది. అడవిపందులు రోజుకు పది సాళ్ళ చొప్పున కుళ్ళగిస్తున్నాయి. వాటిని కాల్చడానికి ఫారెస్టువాళ్ళిచ్చిన అనుమతి రేపటితో సరి. పొద్దున క్వారీ గుంటలో పేల్చి చూస్తే గురి కుదిరింది కూడా. ఈ ముసలాయన మాత్రం కదలడు.

అంకయ్య ఇరవై రెండేళ్ళు సైన్యంలో తుపాకులు బాగుచేశాడు. రెండేళ్ళ కిందట ఊళ్ళో రైతు బుల్లయ్య తుపాకిని ఇలాగే దగ్గర్లో పేల్చి, కుదిరిందని ఇచ్చేశాడు. దూరానికి గురి మార్చుకోవాలని బుల్లయ్య స్కోపు మర తిప్పాడు, మళ్ళీ వెనక్కి తిప్పాడు. అద్దం లోపలి గురిగీత మాత్రం మొదటి చోటికి రాలేదు. తూటా గురి తప్పి కాలు విరిగిన పంది పక్క చేలో పడి, పత్తి తీస్తున్న కొండమ్మ తొడ చీల్చింది. ఆమె బతికింది గానీ మళ్ళీ వంగి పత్తి తీయలేదు. తెల్లారీ తెల్లారకముందే చేలోకి ఎవరు పొమ్మన్నారని ఊరంతా ఆమెనే అంది. తప్పెక్కడుందో తెలిసిన అంకయ్య నోరు విప్పలేదు.

“సరే, కానీ. తొందరగా” అన్నాడు శ్రీకృష్ణ.

అంకయ్య పేలకుండా తుపాకి బోల్టు తీసి పక్కన పెట్టాడు. గోనెపట్టా చుట్టి బల్లకున్న వైసులో కదలకుండా బిగించాడు. టేపుతో కొలిచిన ఇరవై అయిదు మీటర్ల అవతల, ప్రహరీ గోడకు గళ్ళ కాగితం. ఆ గళ్ళు ఆయన స్కేలు పెట్టి గీసుకున్నవే. మర నాలుగు టిక్కులు తిరిగితే గీత ఒక గడి జరగాలి.

“నాకు శుక్లాలు బాబూ. గళ్ళు అలుక్కుపోతన్నాయి. నువ్వే చూసి చెప్పాలి. తల కదపమాక.”

శ్రీకృష్ణ స్కోపుకు కన్ను పెట్టాడు. అంకయ్య మర తిప్పాడు. టిక్కు, టిక్కు. నలభై.

“ఎన్ని జరిగింది?”

“పది. లెక్కకు సరిగ్గా పది!”

“ఇప్పుడు వెనక్కి.”

మళ్ళీ నలభై. గీత మొదలైన చోటికి మూడు గళ్ళు ఇవతలే ఆగింది. కన్ను నలుపుకుని మళ్ళీ చూశాడు. అక్కడే ఉంది.

“వచ్చిందా?”

ముసలాయన మొహం గోడ వైపుంది, చూపు ఎక్కడా ఆనడం లేదు. వచ్చిందంటే చాలు, తుపాకి చేతికొస్తుంది. ఆ మాట నాలిక చివరిదాకా వచ్చింది. రేపు తెల్లారేసరికి తన చేలో కోతకు పన్నెండు మంది ఆడవాళ్ళు దిగుతారు.

“రాలా” అన్నాడు. “మూడు గళ్ళు తక్కువ.”

“ఈడ మూడంటే వంద మీటర్లకి బెత్తెడు. గుండెకి తగలాల్సింది డొక్కలో తగుల్తది.” అంకయ్య స్కోపు విప్పి బల్ల మీద పెట్టాడు. “రెండేళ్ళ కిందట బుల్లయ్య తుపాకికి ఈ పావుగంట పని నేను చెయ్యలా.”

శ్రీకృష్ణ జేబులోంచి బండి తాళం తీశాడు. “కోత అయ్యేదాకా డబ్బాలు కొట్టుకుంటా కాపలా ఉంటాంలే అంకయ్య గారూ. అనుమతికి మళ్ళీ అర్జీ పెట్టుకుంటా.”

అంకయ్య గోడ దాకా నడిచి, కాగితం ఊడదీసి చుట్ట చుట్టి చంకలో పెట్టుకున్నాడు.

“బాబూ, నన్ను కొండమ్మ ఇంటికాడ దించు. తప్పు నాదని ఆమెకి చెప్పాలి. నా నోరు పెగలకపోతే, నువ్వు చెప్పు.”