నర్సింగ్ ఖర్జూరాలు

జగిత్యాల నుంచి మేస్త్రీ పనికి మస్కట్ వచ్చిన భూమేశ్, మోకాళ్లు అరిగాక ఆ దగ్గర్లోని బర్కా ఊళ్లో ఒక ఖర్జూరం తోట యజమాని తండ్రిని చూసుకునే పనికి కుదిరాడు. ఆ ముసలాయన హమూద్‌కు మతిమరుపు. భూమేశ్‌ను నర్సింగ్ అని పిలిచి, రోజూ గుప్పెడు ఖర్జూరాలు చేతిలో పెట్టేవాడు. తోట చివర, బండతో మూసేసిన పాత బావి దగ్గరికి రాగానే "పైలం, నర్సింగ్" అనేవాడు. జాగ్రత్త చెప్పే ఆ తెలంగాణ మాట అరబ్బు నోట వింటే భూమేశ్‌కు ఒళ్లు జలదరించేది. నర్సింగ్ ఎవరో ఇంట్లో ఎవరికీ తెలియదు.

తర్వాత క్లినిక్ నుంచి నర్సు జూలీ రావడం మొదలుపెట్టింది. ముసలాయన తలకు పట్టీ కట్టి, సన్నటి కరెంటు పెట్టి, కదలని సైకిలు తొక్కించేది.

"ఒళ్లు కదిలేటప్పుడే మెదడును తట్టి లేపితే జ్ఞాపకం నిలబడొచ్చు అన్నయ్యా, చూద్దాం" అంది.

"నన్ను నా పేరుతోని పిలిస్తె సాలు, సిస్టర్."

ఒక ఉదయం ముసలాయన తొక్కడం ఆపి, భూమేశ్ ముఖంలోకి తేరిపార చూశాడు. "నువ్వు భూమేశ్" అన్నాడు హిందీలో. జూలీ చప్పట్లు కొట్టింది. ఆయన నవ్వలేదు.

"నర్సింగ్‌ను బావిలోకి దింపింది నేనే. తాడు తెగింది."

ఇప్పుడు ఆయన భూమేశ్‌ను వేరే పేరుతో పిలవడు. ఖర్జూరాలు మాత్రం తనే మోసుకెళ్లి ఆ బండ మీద పెట్టి వస్తాడు. వాటిని చూసినప్పుడల్లా, ఇన్నాళ్లూ తను తిన్నది ఎవరి పిండాకూడో భూమేశ్‌కు గుర్తొస్తుంది.