గిల్‌సు వంటగది మొదలుపెట్టిన విధం

గిల్‌సు ఏ పనీ మొదలుపెట్టలేడు. బద్ధకస్తుడు మాత్రం కాదు. దిగాడంటే గొడ్డులా చాకిరీ చేస్తాడు. కానీ దిగాలి కదా! దిగబోయే ముందు ప్రతిసారీ అతనికి ఒకే ప్రశ్న అడ్డం పడుతుంది. "అసలు ఎక్కడ మొదలుపెట్టాలి?" అంతే, ఇక ఆ పని అక్కడే ఆగిపోతుంది.

పుచ్చకాయ తెచ్చి ముందు పెడితే కత్తి పట్టుకుని దాని చుట్టూ తిరుగుతాడు. తొడిమ వైపు నుంచా, పక్క నుంచా? ఈలోగా ఇంటికొచ్చిన చుట్టాలు మంచినీళ్ళు తాగి వెళ్ళిపోతారు. తన అరవయ్యో పుట్టినరోజున నాలుగు మాటలు మాట్లాడమని మైకు చేతికిచ్చారు. నాలుగు మాటల్లో మొదటిదేదో తేలక అలాగే నిలబడ్డాడు. జనం సేమ్యా తిన్నారు, చేపలు తిన్నారు, చేతులు కడుక్కుని సెలవు తీసుకున్నారు. చివరికి గిల్‌సు గొంతు సవరించుకుని "అందరికీ నమస్కారం" అన్నాడు. ఆ నమస్కారం హాలు ఊడుస్తున్న మనిషికి ముట్టింది.

పెళ్ళి సంగతీ అంతే. నలభై ఒక్క ఏళ్ళ కిందట మధ్యవర్తి ఒకావిడ అతన్నీ మల్‌సున్‌నీ రేవు పక్క టీ దుకాణంలో కూర్చోబెట్టింది. నాలుగు నెలలపాటు ప్రతి ఆదివారం వచ్చి టీ తాగి వెళ్ళాడు. ఐదో నెలలో మల్‌సున్ కప్పు కింద పెట్టేసింది.

"పెళ్ళి చేసుకుందామని వస్తున్నారా, టీ తాగుదామని వస్తున్నారా?"

"ఆ... అక్కడ మొదలుపెట్టొచ్చా?" అన్నాడు గిల్‌సు ఎంతో హాయిగా.

ఆ రోజు మల్‌సున్ పొట్ట పట్టుకుని నవ్వింది. ఇప్పుడు ఆ నవ్వు తలుచుకుంటే ఆమెకి తన మీద తనకే ఒళ్ళు మండుతుంది. ఎందుకంటే తొమ్మిదేళ్ళుగా ఆమె వంటగది కోసం కాచుకుని కూర్చుంది.

దక్షిణ కొరియాలో మొక్పో రేవు వెనక, లిఫ్టు లేని ఐదంతస్తుల పాత అపార్ట్‌మెంటు వాళ్ళది. ఒక మెట్ల వరస, పది ఇళ్ళు. వీళ్ళుండేది పై అంతస్తు, 502లో. అందులోని వంటగదిని ముప్పై ఏళ్ళ కిందట ఏ మరుగుజ్జు కోసం కట్టారో గానీ, గట్టు మల్‌సున్ తొడల దాకే వస్తుంది. పూటకో గంట రొయ్యలా వంగి నిలబడాలి. సింకు కింద తలుపులు తడికి ఉబ్బిపోయాయి. పైపు కారుతుంది, దాని కింద ఎప్పుడూ ఒక బేసిను. రెండు పొయ్యిల్లో ఒకటి తనకి బుద్ధి పుడితే వెలుగుతుంది.

"ఏవండీ, ఈ ఏడన్నా వంటగది సంగతి చూస్తారా?"

"చూస్తున్నా కదే. పైపులు ముందు వెయ్యాలా, టైల్స్ ముందు వెయ్యాలా?"

"పైపులు."

"పైపులు వెయ్యాలంటే సింకు ఎక్కడొస్తుందో తెలియాలి. సింకు తెలియాలంటే ఫ్రిజ్ తెలియాలి. ఫ్రిజ్ పక్కన కిమ్చీ ఫ్రిజ్. కిమ్చీ ఫ్రిజ్ పెడితే తలుపు తెరుచుకోదు. తలుపు మార్చాలంటే గోడ కొట్టాలి. గోడ కొడితే పైపు తగుల్తుంది."

"అయితే?"

"మళ్ళీ పైపుల దగ్గరికే వచ్చాం."

నగర పాలక సంస్థలో నీటి గొట్టాల నక్షాలు గీసి రిటైరైన మనిషి. ఇంట్లో వంటగది నక్షాలు బియ్యం సంచీ అంత ఎత్తు పేరుకున్నాయి. ముగ్గురు మేస్త్రీలు వచ్చి వెళ్ళారు. మూడోవాడు పెద్ద సుత్తితో సహా వచ్చి, రెండు గంటలు నక్షాలు చూసి, బూట్లు తొడుక్కుంటూ మల్‌సున్‌తో గుసగుసగా అన్నాడు. "అక్కా, ముప్పై ఏళ్ళుగా గోడలు కొడుతున్నాను. సుత్తి ఎక్కడ పడితే అదే మొదలు. ఆయన్ని ఓ వారం ఎక్కడికన్నా పంపించి నాకు ఫోన్ చెయ్యి."

అలాంటి మనిషిని ఎక్కడికి పంపుతుంది? ప్రయాణం ఏ బస్సుతో మొదలుపెట్టాలో తేల్చుకునేసరికే వారం గడుస్తుంది.

ఇరుగుపొరుగుకి మాత్రం మల్‌సున్ అంటే ఎందుకో వల్లమాలిన ప్రేమ. 402 ఆవిడ ఏటా పెర్సిమన్ పళ్ళ బుట్ట తెచ్చిస్తుంది. ఎదురింటి గుమ్‌హీ తలుపు పిడికి రొట్టెల సంచీ తగిలించి పోతుంది. చలికాలానికి క్యాబేజీ ఊరగాయ, అదే కిమ్చీ, పెట్టుకునే రోజులొస్తే ఎవరో ఒకరు ఆమె చేతిలోంచి క్యాబేజీల మూట లాక్కుని ఐదంతస్తులూ మోసుకొస్తారు. ఇలాంటి మొగుడితో కాపురం చేస్తున్నందుకు జాలిపడుతున్నారనుకుంది మల్‌సున్. ఆ జాలి ముద్ద ముద్దకీ గొంతులో అడ్డం పడేది. అయినా రొట్టెలు తినేది.

తొమ్మిదో ఏడు నవంబరు చివరి వారంలో, ఉప్పు బస్తా కోసం సింకు కింద తలుపు లాగింది. తలుపు ఊడి చేతిలోకొచ్చింది. అక్కడితో ఆగక కాలి మీద పడింది. మల్‌సున్ కెవ్వున అరిచింది. గిల్‌సు పరుగెత్తుకొచ్చి, ఆమె కాలు చూసి, తలుపు చూసి, పైపు చూసి, చేతులు నలుపుకుంటూ నిలబడ్డాడు.

"అనకండి!" అంది మల్‌సున్.

"ఏమీ అనలేదే."

"అనబోతున్నారు. ముందు కాలికి మందు రాయాలా, తలుపు తియ్యాలా అని అడగబోతున్నారు. నలభై ఒక్క ఏళ్ళుగా చూస్తున్నా మీ మొహం!" నేల మీద కూర్చునే వేలెత్తి చూపించింది. "వినండి. ఈ వంటగది మొదలయ్యేదాకా ఈ ఇంట్లో నేను కిమ్చీ పెట్టను."

ఈ మాట మామూలు మాట కాదు. చలికాలానికి కిమ్చీ పెట్టని ఇల్లు ఆ మెట్ల వరసలో ఇంతవరకూ లేదు. ఆమె అమ్మ చనిపోయిన ఏడు కూడా ఏడుస్తూనే నలభై క్యాబేజీలకి కారం పట్టించింది. గిల్‌సు మొహం పాలిపోయింది.

"అది కాదే... సంతకాలు కావాలి కదా. పది ఇళ్ళవాళ్ళూ ఒప్పుకోకుండా గోడ మీద సుత్తి పెట్టనివ్వరు."

"మరి తొమ్మిదేళ్ళుగా ఆ కాగితం పట్టుకుని మెట్లు ఎక్కి దిగుతున్నారుగా! ఒక్క సంతకమన్నా తెచ్చారా?"

మల్‌సున్ సొరుగులోంచి సమ్మతి కాగితం లాగింది. ఇలా సంతకాలకి వెళ్ళేటప్పుడు ఇంటికో కట్ట చెత్త సంచులు ఇవ్వడం అక్కడి మర్యాద. ఆ కట్టలన్నీ చంకన పెట్టుకుని, కుంటుకుంటూ గుమ్మం దాటింది.

వెనక నుంచి గిల్‌సు గొంతు. "ఏ ఇంటితో మొదలు..."

ఆమె తలుపు ధడాలున వేసింది.

ఎదురింటి గుమ్‌హీ కాగితం చూడగానే పెన్ను అందుకుంది. "అమ్మయ్య! ఇన్నాళ్ళకి మొదలుపెడుతున్నారా అక్కా! నా మూలంగా రెండేళ్ళు ఆగిపోయిందని ఎంత సిగ్గుపడ్డానో."

"నీ మూలంగానా?"

"రొట్టెల ఫ్యాక్టరీలో రాత్రి డ్యూటీ చేసి పగలు పడుకునేదాన్ని కదా. బావగారు ఈ కాగితం పట్టుకుని వచ్చారు. నా కళ్ళు చూసి, మడిచి జేబులో పెట్టేసుకున్నారు. 'నీకు పగటి డ్యూటీ వచ్చేదాకా ఆపమని మా ఆవిడ చెప్పింది' అన్నారు. మీ మనసు వెన్నక్కా!"

మల్‌సున్‌కి తలుపు పిడికి వేలాడిన రొట్టెలన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చాయి.

401 తలుపు తడితే ఎవరూ పలకలేదు. తిరిగొచ్చేటప్పుడు చూద్దామని కిందికి దిగింది. కింది ఇళ్ళవాళ్ళు నవ్వుతూ సంతకాలు పెట్టేశారు; మా కోసమూ ఓ ఏడు ఆపారు కదా అన్నారు ఇద్దరు. 302లో ఉండే హ్వాసున్ అవ్వ చెయ్యి పట్టుకుని లోపల కూర్చోబెట్టింది.

"మా ముసలాయన మంచం మీద ఉన్నాడు చూడూ, ఆ ఏడు. చిన్న చప్పుడైతే ఉలిక్కిపడేవాడు. మీ ఆయన వచ్చి, గుమ్మంలోనే చెప్పులు చూసుకుంటూ నిలబడ్డాడు. 'పెద్దాయన ప్రశాంతంగా ఉండాలి, మా వంటగదికేం తొందర అని మా ఆవిడ అంది' అన్నాడు. పోయేముందు మా ఆయన కూడా నీ పేరే చెప్పుకున్నాడు తల్లీ."

"అవ్వా, నేను..." అని ఆగిపోయింది మల్‌సున్. ఏమని చెబుతుంది? ఆ ఏడు నేను కారే పైపు కింద బేసిను మారుస్తూ మా ఆయన్ని తిట్టుకున్నానని చెబుతుందా?

మళ్ళీ పైకొచ్చాక 402లో ఇంకో కథ. ఆ ఇంటి అమ్మాయి యున్‌సొల్ కాలేజీ ప్రవేశ పరీక్ష ఒకసారి తప్పింది, రెండోసారి తప్పింది, మూడోసారి గట్టెక్కింది. "మూడేళ్ళు పిన్నీ! మూడేళ్ళు మా నెత్తి మీద మేకు చప్పుడు కూడా వినపడలేదు. ఏడాదికోసారి బాబాయిగారు వచ్చి, పిల్ల గది తలుపు వేసి ఉండటం చూసి, పిల్లిలా వెనక్కి నడిచి వెళ్ళిపోయేవారు. పిన్నిగారు ఆపమన్నారు అనేవారు. మా పిల్ల పాసైంది మీ చలవే."

మెట్ల మీద మల్‌సున్ కూలబడింది. తొమ్మిదేళ్ళ లెక్క తేలిపోయింది. అడ్డం పడింది పైపులూ కాదు, టైల్సూ కాదు. ఈ మెట్ల వరసలో ఎవరికి నిద్ర కావాలన్నా, చదువు కావాలన్నా, నెమ్మదైన చావు కావాలన్నా, గిల్‌సు ఆమె నడుమే తీసి ఇచ్చేశాడు. అదీ ఆమెని అడగకుండానే ఇచ్చేశాడు! ఊరందరికీ మంచివాడు. కట్టుకున్నదానికి తప్ప. కన్నీళ్ళొచ్చాయి. అవి కోపంతో వచ్చినవే.

ఇక మిగిలింది 401. వసంతంలో వచ్చిన కొత్త కాపురం వాళ్ళది. ఇందాక తొందరలో చూడలేదు గానీ, గంట మీద కాగితం అతికించి ఉంది. 'పాప నిద్రపోతోంది, గంట నొక్కకండి.' నొక్కుతాననుకుంది మల్‌సున్. నొక్కి తీరాలి. తొమ్మిదేళ్ళైంది!

నొక్కే పని లేకుండానే తలుపు తెరుచుకుంది. జుట్టు దువ్వుకోని పిల్ల, భుజం మీద చిటికెన వేలంత ముక్కుతో ఇరవై రోజుల పసిగుడ్డు.

"పిన్నీ!" గాలి కన్నా మెల్లగా అంది ఆ పిల్ల. "మీరు పంపిన సముద్రపు నాచు ఎంత బాగుందో! బాలింతలకి పెట్టే చారు రోజూ దాంతోనే కాచుకుని తాగుతున్నాను. బాబాయిగారు పోయిన వారం ఇచ్చి వెళ్ళారు."

వాండో దీవి నుంచి తెప్పించుకుని దాచిన మేలు రకం నాచు. నాలుగు రోజులుగా ఇల్లంతా వెతుకుతోంది దానికోసం.

"ఏదో కాగితం పట్టుకున్నారు... పని మొదలుపెడుతున్నారా పిన్నీ?" ఆ పిల్ల మొహంలో భయం. పాప నిద్రలో పెదవులు చప్పరించింది.

మల్‌సున్ కాగితాన్ని చెత్త సంచుల కిందికి తోసింది. "పనా? మా ఆయన సంగతి తెలీదా తల్లీ! ఎక్కడ మొదలుపెట్టాలో ఇంకా తేల్చుకోలేదు. నీ పాపకి వందో రోజు పండగ చేసేదాకా ఆయన తేల్చడు. ఇదిగో, ఈ సంచులు ఉంచు."

పై మెట్టు మీదికొచ్చాక గానీ తను ఏమందో ఆమెకే అర్థం కాలేదు. అర్థమయ్యాక అక్కడే నిలబడి మొగుణ్ణి కసిదీరా తిట్టింది, మెల్లగా, పాప లేవకుండా.

ఇంట్లో గిల్‌సు ఊడిన తలుపు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

"అందరికీ నా పేరు చెప్పారు!" అంది మల్‌సున్. "ఒక్కసారి, ఒక్కసారి నాతో చెప్పాలని అనిపించలేదా?"

"అనిపించింది. ఏడాదికి నాలుగుసార్లు అనిపించింది." తల దించుకున్నాడు. "ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు."

"మరి నా పేరెందుకు చెప్పినట్టు? మంచితనం మీది కదా, మీరే ఊరేగొచ్చుగా!"

"నడుం నొప్పి నీది. పేరు నాకెలా వస్తుందే?"

మల్‌సున్ ఊడిన తలుపు అతని ఒళ్ళోంచి తీసి గోడకి చేరవేసింది. "నేను క్షమించలేదు," అంది. "తొమ్మిదేళ్ళు తొమ్మిదేళ్ళే. రాసి పెట్టుకోండి." వచ్చే ఏడాది క్యాలెండరు తీసి, ఫిబ్రవరిలో ఒక తేదీ చుట్టూ ఎర్రపెన్నుతో సున్నా చుట్టింది. "పాప వందో రోజుకి మర్నాడు. సింకు పైన మూడో టైలు. సుత్తి నేను పడతాను. మీరు నోరెత్తకూడదు."

తర్వాత పెద్ద క్యాబేజీ ఒకటి తెచ్చి అతని ముందు పెట్టి, కత్తి చేతికిచ్చింది. అన్న మాట మీద నిలబడలేకపోయినందుకు ఆమె మొహం ఇంకా మాడిపోయే ఉంది. గిల్‌సు క్యాబేజీని ఇటు తిప్పాడు, అటు తిప్పాడు, భార్య కళ్ళు చూశాడు, కళ్ళు మూసుకుని నరికేశాడు. రెండు చెక్కలూ సమానంగా రాలేదు. ఆ ఏడు 502 కిమ్చీ అంతా వంకర ముక్కలే.

ఫిబ్రవరిలో ఆ రోజు, 401 పిల్ల పాపని వీపున కట్టుకుని, వందో రోజు పండగ తెల్ల బియ్యపు కేకు పళ్ళెంతో పైకొచ్చి, పదో సంతకం పెట్టింది. మెట్ల వరసంతా గుమ్మంలో గుమిగూడింది. మూడు వారాలు మల్‌సున్ ఎవరి వంటింట్లో వండుకోవాలన్న దాని మీద హ్వాసున్ అవ్వా గుమ్‌హీ అప్పటికే పోట్లాడుకుంటున్నారు. మల్‌సున్ నడుముకి గుడ్డ బిగించి, పెద్ద సుత్తి ఎత్తి, తొమ్మిదేళ్ళ కసితో మూడో టైలు మీద వేసింది. టైలుతో పాటు నాలుగోదీ ఐదోదీ రాలిపోయాయి. పాప కిలకిలా నవ్వింది.

దుమ్ము కొంచెం తగ్గాక చూస్తే, గిల్‌సు ఒక మూల నిలబడి కేకు ముక్కని ఈ వైపు నుంచీ ఆ వైపు నుంచీ పరీక్షగా చూస్తున్నాడు.

"ఇటివ్వండి," అని మల్‌సున్ ఆ ముక్క లాక్కుని, దుమ్ము చేత్తోనే మొత్తం అతని నోట్లో కుక్కేసింది.