గడియారం మీద నాయిన

మా చిన్నమామ యాదగిరికి ఒకటే పిచ్చి. రెండేళ్ల పిల్ల ఇంట్లో ఊరికే కూర్చుని కనిపిస్తే ఆయనకు ఊపిరాడేది కాదు. దాన్ని చంకనేసుకుని ఎక్కడికో ఒకచోటికి పోవాలి, ఏదో ఒకటి చూపించాలి. ఎండైనా సరే, వానైనా సరే, బంద్ అయినా సరే. ఆ రోజుల్లో సిరిసిల్లలో బంద్‌లకు కొదవ లేదు కాబట్టి ఆ చివరి సంగతే నా ప్రాణం తీసేది.

చిన్నమామ అంటే మా ఆయనకు చిన్నాయన. భార్య పోయింది, పిల్లలు లేరు. సగం జీవితం చేతిమగ్గం మీద, మిగతా సగం సాంచె మీద గడిపాడు. మా ఊళ్లో పవర్‌లూమ్‌ను సాంచె అంటాం. దాని చప్పుడులో అరిచి అరిచి ఆయన మామూలుగా మాట్లాడటం మరిచిపోయాడు. "కోడలా, గీ ముచ్చట ఎవ్వలతోని అనకు" అని నా చెవిలో గుసగుసగా చెబితే, గోడ అవతలి నుంచి పక్కింటి లస్మవ్వ "నేనెందుకంట యాదగిరీ" అని మాట ఇచ్చేది.

ఇలాంటి మనిషి చేతిలో నా బిడ్డ వనజ పడింది. పడిన కాలం కూడా ఎలాంటిదంటే, ఊరంతా పెదవులు కదపకుండా మాట్లాడుకునే కాలం.

మా ఆయన జనార్దన్ సాంచెల మీద పనిచేసేవాడు. ఒకరోజు కార్మికుల మీటింగులో లేచి, పన్నెండు గంటల డ్యూటీ మనిషి చేసేది కాదు అన్నాడు. అంతే అన్నాడు. తెల్లారేసరికి బస్టాండు గోడ మీద అడవిలో ఉండే అన్నల పోస్టరు పడింది, అందులో అచ్చంగా అదే మాట ఉంది. ఎవరు ఎవరి దగ్గర విన్నారో ఆ రాజన్న దేవుడికే తెలియాలి. పోలీసులు మాత్రం పోస్టరు రాసింది మా ఆయనే అనుకున్నారు. జీపు మా గల్లీకి వచ్చేలోపు ఆయన వెనక గోడ దూకి పోయాడు. దొరికితే ఏమవుతుందో ఎవరూ పైకి అనేవారు కాదు. అలా దొరికినవాళ్ల ఫోటోలు పేపర్లో పడేవి, కళ్లు మూసుకుని ఉండేవి.

ఆ తర్వాత నేను భయంతోనే పొయ్యి వెలిగించాను, భయంతోనే ఆర్పాను. జీపు ఎప్పుడొస్తుందో తెలియదు. కరెంటు పోయి సాంచెలన్నీ ఒక్కసారి ఆగితే, ఆ నిశ్శబ్దంలో నా గుండె నాకే వినిపించేది. అలాంటి పొద్దున మామ గడపలో నిలబడి అడిగేవాడు.

"కోడలా, పోరికి ఇయ్యాల ఏం సూపెడుదాం?"

"ఏం సూపెట్టకుండ్రి మామా. బయట తుపాకులు పట్టుకొని తిరుగుతున్నరు."

"గవ్వే సూపెడుదామా?"

మొదట అద్దకం వేసేచోటికి తీసుకుపోయాడు. తిరిగొచ్చేసరికి వనజ మోకాళ్ల దాకా ఎర్రగా ఉంది. నేను పెట్టిన కేకకు లస్మవ్వ గోడ ఎక్కేసింది. మామ తాపీగా, "రంగు తొట్టిల కాలు పెట్టిందే. నీ లొల్లికి భయపడ్డది గనీ, రంగుకు భయపడలే" అన్నాడు. తర్వాత మానేరు ఇసుకలో కొంగలు. తర్వాత బస్టాండులో బస్సు రివర్సు తీసుకోవడం. అది చూడటానికి టికెట్టు అక్కర్లేదని మామ చాలా సంబరపడ్డాడు. కండక్టర్ పెట్టే కేక వనజకు ఎంత నచ్చిందంటే, వారం పాటు మా ఇంట్లో ఎవరు గడప దాటినా "రైట్ రైట్" అనేది.

ఇంతవరకు ఓర్చుకున్నాను. ఓర్చుకోలేనిది ఇంకొకటి ఉంది. ఎక్కడికి తీసుకుపోయినా మామ దూరంగా వేలు చూపించి, "గదిగో మీ నాయిన! టాటా పెట్టు!" అనేవాడు. బస్సు టాపు మీద నాయిన. ఆరేసిన ఎర్ర నూలు చిలపల వెనక నాయిన. కొంగల అవతల నాయిన. పిచ్చిపిల్ల అందరికీ టాటా పెట్టేది.

"లేనోన్ని ఉన్నడని ఎందుకంటరు మామా? పోరి ఆశ పడతది గదా" అని ఒకరోజు ఏడ్చేశాను.

"నీకు తెల్వది తియ్యి" అని తువ్వాల దులిపి భుజాన వేసుకున్నాడు. మర్నాడు ఐసు ఫ్యాక్టరీలో కూడా నాయిన కనిపించాడట.

ఇది చాలదన్నట్టు నాకు ఇంకో భయం పట్టుకుంది. పనీ పాటా లేకుండా ఊరంతా తిరుగుతూ ప్రతి మూలకూ తొంగిచూసే మనిషిని పోలీసులు చూస్తే అన్నలకు కబుర్లు మోసేవాడనుకుంటారు. అన్నలు చూస్తే పోలీసులకు మోసేవాడనుకుంటారు. ఎవరనుకున్నా బతుకు అక్కడితో సరి. చంకలో ఉన్నది నా బిడ్డ.

అనుకున్నంతా ఒకసారి కళ్లముందుకే వచ్చింది. కోరుట్లలో మామ అక్క శంకరవ్వను చూడటానికి ముగ్గురం బస్సెక్కాం. అక్కడ ఆమె బీడీలు చుడుతుంటే చూపించి, అటునుంచి జగిత్యాల తీసుకుపోయి టవర్ మీది పెద్ద గడియారం చూపించాలని మామ ప్లాను. కోరుట్ల నుంచి జగిత్యాల పోతుంటే మేడిపల్లి దాటగానే బస్సు ఆపారు. తుపాకీ భుజాన వేసుకున్న పోలీసాయన మా సీటు దగ్గరే ఆగాడు.

"ఎక్కడికి?"

"జగిత్యాలకు సార్."

"ఏం పని?"

"గడియారం సూపెట్టాలె."

"ఎవరికి?"

"గీమెకు."

పోలీసాయన వనజను చూశాడు. వనజ ముక్కు చీదింది. "ఈమెకు టైం చూడటం వచ్చా?"

"టైం రాదు సార్. ముల్లు తిరుగుడు సూస్తది."

"ఇంకా ఏమేం చూపించావ్?"

అడగకూడని మాట అది. మామ ముఖం వెలిగిపోయింది. అద్దకం తొట్లు, ఐసు ఫ్యాక్టరీ, బస్సు రివర్సు అన్నీ సాంచెల గొంతుతో వినిపించాడు. వెనక సీట్లలో జనం తలలు దించుకున్నారు. చివరికి, "మా ఊళ్లె మీ టేషన్ సుత సూపెట్టిన సార్! గేటు కాడి జామచెట్టు మస్తుగున్నది!" అన్నాడు.

నేను కళ్లు మూసుకుని రాజన్న గుడిలో కోడెను కడతానని మొక్కుకున్నాను. కళ్లు తెరిచేసరికి పోలీసాయన చెవిలో వేలు తిప్పుకుంటూ దిగిపోతున్నాడు. "రైట్ రైట్" అంది వనజ. బస్సు కదిలింది. ఆ రోజు జగిత్యాల గడియారం మీద కూడా నాయిన ఉన్నాడు. అంత ఎత్తున ఉన్నాడు కాబట్టి వనజ రెండు చేతులతో టాటా పెట్టింది.

కొన్నాళ్లకు ఒక పొద్దున జనార్దన్ నిజంగానే వచ్చాడు.

సాంచెల దగ్గర డ్యూటీ మారే వేళ మనుషులంతా ఒక్కసారి గల్లీలోకి వస్తారు. అందరికీ తల మీదా కనుబొమ్మల మీదా మీసం మీదా తెల్లటి నూలు పీచు. ఎవరు ఎవరో పోల్చుకోలేం. ఒంటినిండా పీచు పూసుకుని ఆ గుంపులో కలిసి వచ్చాడు. చాయ్ తాగేంతసేపు ఉన్నాడు. చాయ్ తాగలేదు, బిడ్డను ఎత్తుకునే ఉన్నాడు. వనజ ఆయన మీసం మీది పీచు పీకి పకపకా నవ్వింది. ఆలస్యంగా డ్యూటీకి పోయేవాళ్లలో కలిసి వెళ్లిపోయాడు.

ఆయన పోగానే వనజ పాట మొదలుపెట్టింది. "నాయిన అచ్చిండు, నాయిన అచ్చిండు."

ఊరుకో అన్నాను. గొంతు పెంచింది. బెల్లం ముక్క నోట్లో పెట్టాను. చప్పరిస్తూ పాడింది. ఈ పిల్ల నోరు ఎవరు మూయగలరు? అప్పుడే గల్లీ చివర జీపు ఆగింది.

కొత్త ఎస్సై. తిట్టలేదు, సామాను విసిరేయలేదు. మా గడప మీద కూర్చుని జేబులోంచి బిస్కెట్ పుడ తీశాడు. తిట్టే పోలీసు కంటే బిస్కెట్ ఇచ్చే పోలీసును చూస్తేనే నాకు ఎక్కువ భయమేసింది. సరిగ్గా అప్పుడే రోజులాగే మామ వచ్చాడు. చూశాడు. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి నోరు మెదపకుండా నిలబడ్డాడు.

"పాపా, మీ నాన్న వచ్చాడా?"

"అచ్చిండు" అంది వనజ.

ఎస్సై కానిస్టేబుల్ వైపు చూసి కనుబొమ్మ ఎగరేశాడు.

"ఎటు పోయాడమ్మా?"

వనజ బిస్కెట్‌ను ఇంకో చేతికి మార్చుకుని బాగా ఆలోచించింది. "గలియాలం మీద."

"గడియారం మీద అంటున్నది సార్" అన్నాడు కానిస్టేబుల్.

"అక్కడేం చేస్తున్నాడు?"

"టాటా."

ఎస్సై సర్దుకుని కూర్చున్నాడు. "అది కాదమ్మా. ఇంకెక్కడ చూశావు నాన్నని?"

"బచ్చు మీద. ఎల్ల నూలుల. కొంగల కాడ. ఐచుల."

"ఐసులో ఏమిటి?"

"నాయిన." ఇంత చెప్పినా తెలియదా అన్నట్టు చూసి, ఇంకోటి గుర్తొచ్చి చెయ్యి పైకెత్తింది. "జామచెట్టు మీద! పోలీసు తాన!"

కానిస్టేబుల్ ముఖం తిప్పుకున్నాడు గానీ భుజాలు ఊగడం ఆపుకోలేకపోయాడు. "మన టేషన్ జామచెట్టే సార్."

ఎస్సై లేచి ప్యాంటు దులుపుకున్నాడు. "ఈ పిల్లకి ఏం నేర్పావయ్యా?" అని మామను అడిగాడు.

"నేనేం నేర్పలే సార్. తిప్పిన."

జీపు పోయింది. బిస్కెట్ పుడ మరిచిపోయి పోయారు. మామ గోడకు ఆనుకుని కూలబడ్డాడు. నీళ్లిస్తే సగం ధోతి మీద పోసుకున్నాడు. ఈ మనిషికి భయం తెలియదని ఇన్నాళ్లూ అనుకున్నదాన్ని నేను.

"వానికి బిడ్డను సూడబుద్ధయితది. రాకుంట ఉండడు" అన్నాడు. "రెండేండ్ల పోరి, సూసింది చెప్తది. నోరు ముయ్యిపిచ్చుడు ఎవ్వలతోని కాదు కోడలా. గందుకే లేనికాడ గూడ ఉన్నడని చెప్పి నిండ నింపిన."

నాకు కోపమూ వచ్చింది, ఆయన కాళ్ల మీద పడాలనీ అనిపించింది. "నాకొక్క మాట చెప్తే ఏమాయె మామా? ఎంత ఏడ్సిన!"

మామ నా చెవి దగ్గరికి వంగాడు. "నాకు మెల్లగ చెప్పరాదు గదనే!"

"అవ్, రాదు" అంది గోడ అవతలి నుంచి లస్మవ్వ.

తర్వాత కూడా వనజ మామను ముప్పుతిప్పలు పెట్టి ఊరంతా చూసింది. ఏడాది దాటాక కోర్టులో కేసు నిలవక కొట్టేశారు. జనార్దన్ పట్టపగలు, నూలు పీచు లేకుండా, నడివీధిలో నడిచి ఇంటికి వచ్చాడు. వనజ ఆయన్ని కింది నుంచి పైదాకా చూసింది. మీసం నల్లగా ఉండటం మీద కొంచెం అనుమానపడింది. తర్వాత దగ్గరికి పోయి అడిగింది.

"గడియారం మీదికెల్లి ఎట్ల దిగినవ్ నాయినా?"

జనార్దన్ నావైపు చూశాడు. నేను మామవైపు చూశాను. మామ గబగబా వచ్చి జనార్దన్ చెవిలో గుసగుసలాడాడు.

"నిచ్చెనేసుకొని దిగిన అనురా!"

"మా నిచ్చెన పోయినేడుకెల్లి కనవడతలేదు" అంది లస్మవ్వ. "గదేనా యాదగిరీ?"

మామ విననట్టే తువ్వాల దులిపి భుజాన వేసుకుని, వనజను ఎత్తుకున్నాడు. "రాయే పోరీ. మీ నాయిన ఊరు సూడక శాన దినాలాయె. ఇయ్యాల ఆయినకు సూపెడుదాం."