ఏరు వస్తోందని అవ్వ చెప్పలేదు

నా చిన్నప్పుడు మా అవ్వ ఒకాయన మీద పగ తీర్చుకుంది. పగ మంచిది కాదని నాకు బడిలో చెప్పారు, గుళ్ళో చెప్పారు. ఇప్పుడు మా ఇంట్లో పిల్లలకు నేనూ అదే చెబుతుంటాను. చెప్పేటప్పుడు నా మాట నాకే నమ్మబుద్ధి కాదు. ఎందుకంటే ఆ రోజు నేను అవ్వ పక్కనే ఉన్నాను, ఆమె చెప్పిన పని చేశాను. అప్పుడు ఎంత సంతోషం వేసిందో ఇప్పటికీ గుర్తుంది.

మా ఊరు పాలారు ఒడ్డున ఉంది. పాలారంటే ఏడాది పొడుగునా పారే నది అనుకోకండి. మావైపు పైన ఇసుక, అడుగున నీళ్ళు. చేత్తో కాస్త లోతుగా తోడితే చెలమలో తియ్యటి నీళ్ళు ఊరేవి. ఆ ఊటే ఒడ్డు మీది బావులన్నిటికీ ఆధారం. మా మల్బరీ తోట, వంగ మడి, రెండు పాడి ఆవులు ఆ నీళ్ళతోనే బతికేవి. ఏరు మలుపు తిరిగే చోట బండల నడుమ ఒక మడుగు ఉండేది. ఎంత ఎండలోనూ అది ఎండింది లేదు. మా తాత బతికున్న రోజుల్లో ఆ మడుగులో చేపలు పట్టి సంతలో అమ్మేవాడట. నాకు ఊహ తెలిసేసరికి తాత లేడు గానీ చేపలు ఉండేవి. చింతపులుసు పోసి అవ్వ వండితే ఆ రోజు మా వీధంతా వాసన వచ్చేది.

కోలారు బంగారు గనులు మూతపడ్డ కొన్నేళ్ళకు మా ఏట్లోకి ఇసుక తవ్వే మిషన్ దిగింది. బెంగళూరులో ఇళ్ళ మీద ఇళ్ళు లేస్తున్నాయి, వాటికి ఇసుక కావాలి. ఆ మిషన్ ఆసామిని ఊళ్ళో అందరూ ఓనరు అనేవాళ్ళు. రోజూ జీపులో వచ్చి ఒడ్డు మీదే నిలబడి, చెప్పులకు ఇసుక అంటకుండా చూసుకుని వెళ్ళిపోయేవాడు. లారీలకు ఎత్తే కూలీలను కేజీఎఫ్ నుంచి తెచ్చుకున్నాడు. గనుల్లో పని పోయినవాళ్ళు, తక్కువ కూలికైనా వచ్చేవాళ్ళు. వాళ్ళలో నెరిసిన మీసాల పెద్దాయన ఒకడు మా అవ్వను అరవంలో 'పాట్టీ' అని పిలిచి, మా తొట్టి దగ్గర నీళ్ళు తాగి వెళ్ళేవాడు.

మొదట మడుగు పోయింది. దాని కింద లోతుగా తవ్వేసరికి నీళ్ళన్నీ గుంతలోకి జారిపోయి, చేపలు బురదలో కొట్టుకుని చచ్చాయి. కాకులు రెండు రోజులు అక్కడే ఉన్నాయి. తర్వాత ఒడ్డు బావులు ఒక్కొక్కటే అడుగంటాయి. నాన్న ఆఫీసుల చుట్టూ తిరిగి చెప్పులు అరగదీసుకున్నాడు. మా బావిలో నీళ్ళు దిగిపోతున్నాయని తెలిశాక అవ్వే నన్ను వెంటబెట్టుకుని ఓనరు దగ్గరికి వెళ్ళింది. ఆమె ఒకరి ముందు చేతులు కట్టుకుని నిలబడటం నేను చూడటం అదే మొదలు.

"ఏమప్పా, మా తోట పక్కన ఆ కొంచెం మాత్రం వదిలిపెట్టప్పా. ఇంట్లో పట్టుపురుగులుండాయి, ఆకు ఎండిపోతాది" అంది.

ఆయన జీపు దిగనైనా దిగలేదు. "ఇది ఏరా అవ్వా? నేను పుట్టినాక దీంట్లో నీళ్ళు పారింది చూళ్ళేదు. నిజంగా ఏరయితే ఒకసారి రమ్మను, నేనే మిషన్ ఎత్తుకొని పోతాను" అని నవ్వాడు. పక్కనున్న వాళ్ళూ నవ్వారు. అవ్వ నా చెయ్యి పట్టుకుని వెనక్కి తిరిగింది. ఇల్లు చేరేదాకా ఆ పట్టు వదలకపోతే నా వేళ్ళు నొప్పి పుట్టాయి.

అప్పుడు మా ఇంట్లో పట్టుపురుగులు నాలుగో జ్వరం లేచి ఉన్నాయి. పురుగు మేత మాని పొర విడిచే సమయాన్ని మావాళ్ళు జ్వరం అంటారు. నాలుగోది లేచాక అవి పగలూ రాత్రీ తింటూనే ఉంటాయి, ఇంట్లో వాన కురుస్తున్నట్టు చప్పుడవుతుంది. ఇంకొన్నాళ్ళు ఆకు వేస్తే గూళ్ళు కడతాయి. సరిగ్గా అప్పుడే బావిలో మోటారు గాలి పీల్చింది. తోట వాడిపోయింది. ఆకు కోసం నాన్న ఊరూరా తిరిగాడు, ఏటి ఒడ్డున అందరిదీ అదే గతి. తట్టల్లో పురుగులు తలలెత్తి మేత కోసం ఇటూ అటూ ఊపుతుంటే చూడలేక నేను బయటికి వచ్చేసేదాన్ని. చప్పుడు తగ్గుతూ తగ్గుతూ ఒకరోజు పూర్తిగా ఆగిపోయింది. అవ్వ తట్టలన్నీ మోసుకెళ్ళి పేడదిబ్బలో గుమ్మరించింది. కన్నీటి చుక్క రాల్చలేదు. చేతులు కడుక్కుని ఏటివైపు చూసి, "వీనికి నేను చూపిస్తా" అంది. ముసలిది ఏం చూపిస్తుందిలే అని నాన్న అనుకున్నాడు. నేను మాత్రం నమ్మాను.

ఆ ఏడు వానలు మా ఊరిని మరిచి ఎగువన కురిశాయి. మాకు చినుకు లేదు. మా చిన్నత్తను ఎగువనున్న పెద్ద చెరువు కింది ఊరికి ఇచ్చారు. ఒకరోజు పొద్దున ఆమె మొగుడు సైకిల్ మీద వచ్చి పసుపు, కుంకుమ, రవికగుడ్డ అవ్వ చేతిలో పెట్టాడు. చెరువు నిండి కోడి పోతోందట, అంటే నీళ్ళు అలుగు దాటి ఏట్లో పడుతున్నాయి. ఊరంతా కలిసి గంగమ్మకు పూజ చేసి, కోడళ్ళ పుట్టిళ్ళకు పసుపు కుంకుమలు పంపిస్తోందట. నీళ్ళు ఎక్కడిదాకా వచ్చాయని అవ్వ గుచ్చి గుచ్చి అడిగింది. దారిలో తాను దాటిన ఒక వంతెన పేరు చెప్పి, అప్పటికే అక్కడిదాకా వచ్చాయన్నాడు మామ. అక్కణ్ణుంచి మధ్యాహ్నానికి మా ఊరు చేరతాయని అవ్వకు తెలుసు. అవ్వ కుంకుమ కళ్ళకద్దుకుని, పొయ్యి మీద పెద్ద ఎసరు పెట్టమని అమ్మకు చెప్పింది.

తర్వాత నన్ను పిలిచింది. "ఏట్లోకి పోయి అందర్నీ పిలుచుకోని రా. మా ఇంట్లో గంగమ్మ పూజ, సంగటి తిని పొమ్మంటాంది అవ్వ అని చెప్పు. డ్రైవర్ని గూడా. నీళ్ళ మాట ఎత్తినావంటే కాళ్ళు ఇరగ్గొడతా" అంది.

నేను పరిగెత్తాను. మిషన్ తను తవ్వుకున్న గుంత అడుగునే నిలబడి ఉంది. కూలీలు సద్ది మూటలు విప్పబోతున్నారు. వేడి సంగటి, చారు అనేసరికి లేచి వచ్చేశారు. డ్రైవరు తాళంచెవి జేబులో వేసుకుని వచ్చాడు. వాళ్ళ వెనకే నడుస్తూ నవ్వు ఆపుకోలేక నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాను.

వసారాలో ఆకులు వేసి అవ్వ తనే వడ్డించింది. అంత మర్యాదగా ఆమె పెళ్ళివారికి కూడా వడ్డించి ఉండదు. పెద్దాయన ఒక ముద్ద మింగి, "పాట్టీ, ఒకనికి పొట్లం కట్టియ్యి. జొరం వచ్చి మిషన్ నీడలోనే పండుకోనుండాడు, లేపితే లేయలే" అన్నాడు.

అవ్వ చేతిలో గరిటె జారి కింద పడింది. ఆ ముఖం నేను అంతకు ముందూ చూడలేదు, ఆ తర్వాతా చూడలేదు. "ఏరొస్తాంది! లేవండప్పా, ఏరొస్తాంది!" అని అరుస్తూ గుమ్మం దాటింది. పొద్దుట్నుంచీ కడుపులో దాచుకున్న మాటను అలా అందరి ముందూ పారేసి, కోక ఎగ్గట్టుకుని, నాకంటే వేగంగా పరిగెత్తింది. డ్రైవరు చిటికెలో మిషన్ పైకి తెచ్చుకుంటాడని ఆమెకు తెలియదా? తెలుసు. అయినా అరుస్తూనే పోయింది.

మేం ఒడ్డు చేరేసరికి పైమలుపులో చెత్త, నురుగు, ఎర్ర నీళ్ళు కనిపించాయి. అవ్వ, ఇద్దరు కూలీలు గుంతలోకి దిగి ఆ మనిషిని రెక్కలు పట్టి పైకి ఈడ్చారు. డ్రైవరు మిషన్ ఎక్కబోయాడు. పెద్దాయన అతని చొక్కా పట్టుకుని వెనక్కి లాగాడు. "వద్దురా తంబి. నేను గని షాఫ్ట్‌లో నీళ్ళు చూసినోణ్ణి. ఇనుము కోసం దిగినోడు పైకి రాలే" అన్నాడు. డ్రైవరు పెనుగులాడాడు, ఏడ్చాడు, చివరకు ఒడ్డు మీద కూలబడ్డాడు. నీళ్ళు గుంత అంచు మీదుగా దూకాయి. అంచు విరిగింది. మిషన్ ఒక పక్కకు ఒరిగి, తొండం ఒకటే పైకి కనిపించేదాకా మునిగిపోయింది. నేను చప్పట్లు కొట్టాను. అవ్వ నన్ను ఆపలేదు.

వాళ్ళందరినీ మళ్ళీ ఇంటికి తీసుకొచ్చి, చల్లారిన చారు వేడిచేసి పెట్టింది. జ్వరం మనిషికి దగ్గర కూర్చుని గంజి తాగించింది. మా కూలి పోయింది గదా అని ఒకతను గొణిగితే అవ్వ తలవంచుకుని అతని ఆకులో ఇంకో ముద్ద వేసింది. పెద్దాయన చెయ్యి కడుక్కుంటూ, "మా గనులు మూసినోళ్ళకు గూడా నీ మాదిరి అన్నం పెట్టేవాళ్ళు దొరికుంటే బాగుండు పాట్టీ" అన్నాడు. అప్పుడు నవ్వింది అవ్వ.

సాయంత్రం ఓనరు వచ్చాడు. ఈసారి జీపు దిగాడు. "నీకు ముందే తెలుసు కదా? ఒక్క మాట చెప్పుంటే నీ సొమ్మేం పోయిండేది?" అని అరిచాడు.

"తెలుసప్పా. అది ఏరు కాదంటివి కదా, ఇంగ నీకేమని చెప్పేది?" అంది అవ్వ, ఆవుకు గడ్డి వేస్తూ. ఆయన తిట్టినంతసేపూ తిట్టి పోయాడు. మొహం చూస్తే నాకు కడుపు నిండింది.

ఆ నీళ్ళతో మా బావి నిండి ఒక పంట పురుగులు బాగా పండాయి. అంతే. మరుసటి ఏడు ఏరు మళ్ళీ ఎండింది, ఇంకో మిషన్ దిగింది. మడుగు లేదు, చేపలు లేవు. తోటలో ఇప్పుడు నీలగిరి చెట్లు ఉన్నాయి, అవ్వ లేదు. పోయే ముందు ఒకసారి ఆ రోజు గురించి అడిగాను, అంత పగబట్టి చివర్లో ఎందుకు అరిచావని. "మనుషుల్ని ముంచేది వాని పని. నాకు మిషన్ చాలు" అంది. ఆ జ్వరం మనిషి చచ్చిపోయి ఉంటే ఆమె కూడా ఆ గుంతలోకే దూకి ఉండేదని నాకు గట్టి నమ్మకం.

నాకు ఆమె క్షమ నేర్పలేదు. కోపాన్ని ఎంతవరకు తీసుకెళ్ళాలో, ఎక్కడ వదిలి పరిగెత్తాలో నేర్పింది. వానాకాలంలో ఎగువన ఏదో చెరువు నిండిందని తెలిస్తే చుట్టుపక్కల వాళ్ళు పాడీ పంటా చల్లగా ఉండాలని మొక్కుకుంటారు. నేను ఏట్లో దిగి ఉన్న మిషన్లను తలుచుకుని మొక్కుకుంటాను. తల్లీ, ఈసారి ఆగకుండా రా, ఒక్కటీ మిగల్చకు. అక్కడున్న మనుషుల్ని నేను ముందే పిలుచుకుంటాను.