అమ్మ పుట్టిల్లు ఏ రాష్ట్రం

నాన్నది భద్రాచలం. అమ్మది దాని పక్కనే, సైకిలు మీద పావుగంటలో చేరే పల్లె. రాష్ట్రం విడిపోయిన ఏడాది ఆ పల్లెను ఆంధ్రలో కలిపారు, భద్రాచలం తెలంగాణలోనే ఉండిపోయింది. ఒకవైపు గోదావరి, మిగతా వైపులన్నీ ఆంధ్ర, నడుమ నాన్న ఊరు. అమ్మ పల్లెవాళ్ళేమో తమను తిరిగి తెలంగాణలో కలపమని అడుగుతూనే ఉన్నారు.

ఆ తగాదా సగం, నాన్న పని కోసం వలస వచ్చిన హిందీ రాష్ట్రంలో, బీర్‌గావ్‌లోని మా రెండు గదుల ఇంట్లోనే నడిచింది. నాన్న ఫ్యాక్టరీ నుంచి వచ్చి చాయ్ తాగుతూ, చట్టం ఏం రాసుకున్నా మీ ఊరు మాదే అనేవాడు. మీ టౌనుకు చెత్త పోసుకోను జాగా లేదంట, ముందు అది చూసుకోమని అమ్మ. జ్వరమొస్తే మా ఆస్పత్రికే కదా వస్తారని ఆయన. చుట్టుపక్కల వాళ్ళకు మాత్రం ఇద్దరూ 'ఆంధ్రావాలే'. ఆ మాట వింటే నాన్నకు ఒళ్ళు మండేది, అమ్మ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేది. ఆ పోట్లాట లేని సాయంత్రం నాకు చప్పగా ఉండేది.

కరోనా మొదటి ఏడాది మామయ్య ఫోను చేశాడు. అమ్మమ్మ మంచం పట్టిందని, ఎవరినీ గుర్తుపట్టడం లేదు గానీ కూతుర్ని మాత్రం అడుగుతోందని చెప్పాడు. సరిహద్దు దాటాలంటే పాస్ కావాలి. ఫోనులో ఫారం నింపింది నేనే. వెళ్ళే ఊరు ఏ రాష్ట్రం అన్న గడి దగ్గర ఆగి నాన్న వైపు చూశాను.

"తెలంగాణ కొట్టవే. భద్రాచలం మండలం అని పెట్టు. ఆ ఊరు మాదేనని సర్కారు కాగితమే చెప్తది" అన్నాడు.

ఏడుస్తున్న అమ్మను నవ్వించాలని అన్నాడు. కాస్త నమ్మి కూడా అన్నాడు. నేనూ నవ్వుతూ నొక్కేశాను. పాస్ వచ్చింది.

బండి మాట్లాడుకుని జగదల్‌పూర్ మీదుగా పోయి, కుంట అనే ఊరు దాటగానే ఆంధ్ర చెక్‌పోస్టు దగ్గర ఆగాం. పోలీసాయన మర్యాదగానే చెప్పాడు, ఊరు ఆంధ్రది, పాస్ తెలంగాణది, వదలడం కుదరదని. నాన్న చేతులు జోడించాడు. ఆయన ఎవరి ముందైనా అలా నిలబడడం నేను అంతకుముందు చూడలేదు. బండిని వెనక్కి తిప్పించారు.

ఇంటికొచ్చి మళ్ళీ ఫారం నింపాను, ఈసారి ఆంధ్ర అని. ఆ పాస్ రావడానికి మూడు రోజులు పట్టింది. రెండో రోజు పొద్దున్నే అమ్మమ్మ పోయింది.

అమ్మ మమ్మల్ని తిట్టినా బాగుండేదనిపించింది. నా వేలితో నొక్కిన ఆ ఒక్క గడి కళ్ళ ముందు నుంచి పోయేది కాదు. నాన్న అన్నం మానేశాడు. మర్నాడు మధ్యాహ్నం గోడవైపు తిరిగి కూర్చుని, "ఆంధ్రే. మీ ఊరు ఆంధ్రదే. ఇంకెప్పుడూ అనను" అన్నాడు.

అమ్మ కంచంలో అన్నం పెట్టి తెచ్చి, ఆయన పక్కనే కింద కూర్చుంది.

"మా ఊరు మీదే అనుకుని కదా అట్లా రాయించారు. ఇప్పుడు కాదనకండి" అంది. "ఇక అక్కడ నాకు అమ్మ కూడా లేదు, మీరూ వదులుకుంటే ఎట్లా. తినండి."