పాప నిద్రపోతే ముసలోణ్ణి చంపే మనిషి

ఇందులో ప్రతి మాటా నిజమని మీసం మీద చెయ్యేసి ప్రమాణం చేస్తున్నాను.

మాట్టుతావణి బస్టాండులో దిండిగల్ వెళ్ళే బస్సెక్కాను. పక్క సీట్లో ఒక కుర్రవాడు, అతని ఒడిలో నెలల పాప. తల్లి జాడ లేదు. అతను పాప కళ్ళు మూసుకుందా లేదా అని చూసుకుని, ఫోన్ నోటి దగ్గర పెట్టుకుని, చుట్టూ అందరూ అరవం మాట్లాడే ఆ బస్సులో మన తెలుగులోనే గుసగుసలాడాడు: "నిద్రపోయింది. ఇంక ముసలోణ్ణి చంపేస్తా."

ఆ చుట్టుపక్కల ముసలివాడంటే నేనే. వీడు పిల్లల్ని ఎత్తుకుపోయేవాడే అనుకున్నాను.

"ఎవురి బిడ్డ తంబీ? వాళ్ళమ్మ యాడ?"

"మెల్లిగా అన్నా, లేస్తాది! నా బిడ్డే. వాళ్ళమ్మ మిల్లులో షిఫ్ట్‌లో ఉండాది. ఆఫీసు పని పోను, నేను కథ చెప్పుకొనేది ఇది పండుకొన్నప్పుడే."

"రాసుకోవచ్చు గదా?"

"మన తెలుగు మాట్లాడను వస్తాది, రాయను రాదే. అందుకే రికార్డ్ చేస్తా ఉండా. ఇది పుట్టినప్పటి నుంచి కథలో ముసలోడు చావనే లేదు!"

నమ్మకం కుదరక, వినిపించమన్నాను. ఎన్ని రికార్డులు విన్నా, కత్తి పైకి లేచేసరికి పాప ఏడుపే. ఇక అడ్డురాకుండా అతన్ని కథ చెప్పుకోనిచ్చాను. దిండిగల్ వచ్చేలోపు ముసలివాడు చచ్చాడు, కథ పూర్తయింది.

ఈ చివరి వాక్యం ఒక్కటే నా కల్పన. దిండిగల్ రాకముందే పాప లేచింది. అతను ఫోన్ జేబులో పెట్టేసి, "ముసలోడికి ఇంకో దినం ఇచ్చినావా తల్లీ" అంటూ పాలసీసా మూత తీశాడు.